ట్రయల్ అయిపోయిన చిన్న సాఫ్ట్‌వేర్లకు డబ్బు కట్టాలా?

కర్నూలు_స్టూడియో
మాది పెళ్లి ఫొటోల పని. ఫొటోలన్నీ విన్‌రార్‌లో (ఫైళ్లను కుదించి ఒకే ఫైలుగా కట్టే సాఫ్ట్‌వేర్) రార్ ఫైలు చేసి పెన్‌డ్రైవ్‌లో ఇస్తుంటాను. 40 రోజుల ట్రయల్ ఎప్పుడో అయిపోయింది. కొనమని విండో వస్తుంది, మూసేస్తే మామూలుగానే పనిచేస్తుంది. ధర 29 డాలర్ల చుట్టూ ఉంది, అంటే మనకు రెండు వేల పైనే. ఇంత చిన్నదానికి అంత ధర న్యాయమేనా?

గుంతకల్లు_కోడర్
న్యాయమే అన్నా. లైసెన్స్‌లో స్పష్టంగా ఉంది: 40 రోజులు వాడి చూడండి, ఆ తర్వాతా వాడాలంటే కొనండి. 41వ రోజు నుంచి మీరు వాడుతున్నది ఊరికే తీసుకున్నదే. ఆల్బమ్ ప్రూఫ్ మీద వాటర్‌మార్క్ వేసి చూపిస్తారు కదా, కస్టమర్ డబ్బివ్వకుండా దాన్నే ప్రింట్ వేయించుకుంటే ఊరుకుంటారా?

తాడిపత్రి_నెట్
విన్‌రార్ బదులు సెవెన్-జిప్ వేసుకోండి. పూర్తిగా ఉచితం.

కర్నూలు_స్టూడియో
సెవెన్-జిప్‌లో రార్ ఫైలు ఓపెన్ అవుతుంది గానీ తయారు చేయలేం. నాకు కావాల్సింది రార్‌లోని రికవరీ రికార్డు. పెన్‌డ్రైవ్‌లో ఫైలు కొంచెం పాడైనా దాంతో బాగుచేసుకోవచ్చు. పెళ్లి ఫొటోలు మళ్లీ తీయలేం కదా.

గుంతకల్లు_కోడర్
అంత అవసరమైన సౌకర్యం అందులోనే ఉందని మీరే అంటున్నారు. మరి ధర అన్యాయం ఎలా అయింది? 41వ రోజు సంగతికి జవాబు రాలేదు.

కడప_డీటీపీ
41వ రోజు పట్టుకుని ఎందుకప్పా కూర్చుంటావు? డబ్బు కడితే ఏమొస్తుందో చెప్పు. 2019లో విన్‌రార్‌లో పెద్ద లోపం బయటపడింది. ఏస్ అనే పాత కుదింపు ఫార్మాట్ కోసం పెట్టిన డీఎల్ఎల్ అనే సహాయక ఫైలులో అది 19 ఏళ్లకు పైగా ఉంది. ఫైలు ఎక్స్‌ట్రాక్ట్ చేస్తే చాలు, సిస్టమ్ ఆన్ కాగానే నడిచే స్టార్టప్ ఫోల్డర్‌లోకి వైరస్ చేరే వీలుండేది. 5.70 వెర్షన్‌లో ఆ డీఎల్ఎల్‌నే తీసేశారు. విన్‌రార్ తనంతట తాను అప్‌డేట్ కాదు. కొన్నవాడైనా కొననివాడైనా వెళ్లి డౌన్‌లోడ్ చేసుకోవాల్సిందే.

గుంతకల్లు_కోడర్
ఆ కొత్త వెర్షన్ చేసినవాళ్లకు జీతం ఎక్కడి నుంచి వచ్చింది సార్? కొన్నవాళ్ల డబ్బే కదా.

ప్రొద్దుటూరు_99
నేను కొందామనే చూశా. నా డెబిట్ కార్డు విదేశీ పేమెంట్‌కి పనిచేయలేదు. యూపీఐ ఉంటే ఆ రోజే కట్టేవాణ్ని.

కర్నూలు_స్టూడియో
కోడర్ తమ్ముడూ, నేనూ ఒకప్పుడు కొన్నాను. ఫొటోల పేర్లు గుంపుగా మార్చే టూల్. కొన్నప్పుడు ఇచ్చిన లైసెన్స్ కీ ఒక్క సిస్టమ్‌కే పనిచేసేది. హార్డ్ డిస్క్ పోయింది, కొత్తదాంట్లో వేస్తే కీ చెల్లదంది. వాళ్ల సైట్ చూస్తే అసలు లేనే లేదు. సీజన్‌లో రాత్రంతా కూర్చుని ఒక్కో ఫొటోకీ చేత్తో పేరు పెట్టాను. నా డబ్బు ఎవరిని అడగాలి?

గుంతకల్లు_కోడర్
ఎవరో మాయమైతే ఆ కోపం మా అందరి మీదా చూపిస్తారా? డీటీపీలో వాడే అను ఫాంట్ల మ్యాటర్‌ని, ఫోన్లలో, నెట్‌లో చదివే యూనికోడ్‌లోకి మార్చే టూల్ నేనే చేశా. ధర 600. అనంతపురం, కడప డీటీపీ షాపుల్లో వాడుతున్నారు, ఒకే కీని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుకుంటున్నారు. పైగా అర్ధరాత్రి ఫోన్ చేసి "వొత్తులు తప్పు పడుతున్నాయి, రేపటికి కరపత్రం కావాలి" అంటారు. కొన్నారా అని అడిగితే ఫోన్ పెట్టేస్తారు. మన ఊరివాడు చేసిన పనికి విలువ లేదా?

కడప_డీటీపీ
అది నీదేనా? నేను కొన్నాను. 600 కట్టాను, రసీదు ఉంది. విండోస్ మార్చాక అది తెరుచుకోవడం లేదు. మెయిల్ పెడితే జవాబు లేదు. దొంగ కీలవాళ్లని తిట్టు, కాదనను. డబ్బు కట్టిన నాకేం చెప్తావు?

గుంతకల్లు_కోడర్
మీరు కట్టింది అప్పుడు ఉన్న టూల్‌కి సార్. జీవితాంతం చూసుకుంటానని నేను రాయలేదు.

కర్నూలు_స్టూడియో
ఇదీ అసలు తగాదా. నువ్వు చేసేసిన పనికి ధర అడుగుతున్నావు, మేం రేపు కూడా నడుస్తుందనే నమ్మకంతో కడుతున్నాం. స్విట్జర్లాండ్‌లో ఒకాయన చేసిన టోటల్ కమాండర్ అనే ఫైల్ మేనేజర్ 1993 నుంచి ఉంది. ఒకసారి కొన్నవాళ్లకి కొత్త వెర్షన్లు ఉచితంగానే ఇస్తున్నారు. దానికి ఎంతైనా కట్టొచ్చు.

గుంతకల్లు_కోడర్
ఆయనకు ప్రపంచమంతా కొనేవాళ్లున్నారు. నాకు నాలుగు జిల్లాల డీటీపీ షాపులే. 600కి జీవితకాలం రాసివ్వలేను.

కడప_డీటీపీ
జీవితకాలం అడగలేదు. నువ్వు మానేసే రోజున కీ అక్కర్లేని వెర్షన్ ఒకటి పెట్టి వెళ్తానని లైసెన్స్‌లో రాయి. మా షాపులో ఏళ్ల మ్యాటర్ దాని మీద ఆధారపడి ఉంది.

గుంతకల్లు_కోడర్
అది రాయగలను. ఈ వారంలోనే మారుస్తా. మీ విండోస్ వెర్షన్ మెసేజ్ చేయండి, చూస్తాను. గ్రూపుల్లో తిరుగుతున్న కీని మాత్రం ఆపేస్తున్నా.

కర్నూలు_స్టూడియో
ఆ మాట రాస్తే నీ టూల్ నేనూ కొంటాను, శుభలేఖల పనికి వస్తుంది. విన్‌రార్‌కి రెండు వేలు మాత్రం ఎక్కువే.

గుంతకల్లు_కోడర్
ఎక్కువైతే తీసేయండి అన్నా. వాడుతూ ఎక్కువ అనకండి.