మల్కిభరాముడిలో ఏనుగుందా?

మొన్న ఆదివారం మావాణ్ణి గోల్కొండ దగ్గర సెవెన్ టూంబ్స్‌కి తీసుకెళ్లా. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా సమాధి ముందు నిలబెట్టి, ‘మన కవులు ఈయన్నే మల్కిభరాముడన్నారురా’ అన్నా. ‘భరాముడంటే?’ అని అడిగాడు. నోరు పెగల్లేదు. ‘ఇభం’ అంటే ఏనుగు కాబట్టి ఇభరాముడు అనుకోవచ్చా? ఎక్కడ విడగొట్టాలి?

*

ఏనుగు తర్వాత వచ్చి ఎక్కిందండీ. అసలున్నది మలిక్ ఇబ్రహీం. మలిక్ అంటే ఏలిక. ఇబ్రహీంలోని హకారం ముందుకు జరిగి బకారానికి ఒత్తై కూర్చుంది, ‘ఇభరామ’ అయింది. మల్క్ + ఇభరామ. నా లెక్కలో ఆ ఇకారం మల్కిది కాదు, ఇబ్రహీందే.

*

మలిక్ ఆ ఇంటికి పాత మాటే. ఈయన తండ్రి సుల్తాన్ కులీని జనం ‘బడే మలిక్’ అనేవారని అక్కడే ఆయన గోరీ మీది శాసనంలో ఉంది. ఈసారి వెళ్తే చూడండి.

*

ఛందస్సులో ఇమడక పేరు మార్చారేమో మాస్టారూ?

*

అందరూ అనేమాటే గానీ, గణాలు కట్టి చూడండి. ఇబ్రహీం రగణం, ఇభరామ సలం. రెండూ ఇంద్రగణాలే, ఇంద్రగణం కావలసిన చోట ఏదైనా ఇముడుతుంది! ఇమడక కాదు, వినడానికి మనవాడిలా ఉండాలని. ఈయనకి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ కావ్యం అంకితమిచ్చిన అద్దంకి గంగాధరకవికి కృతిపతి పేరు చెవికి ఇంపుగా ఉండొద్దూ? పైగా ఇబ్రహీం తెలుగు విననివాడేం కాదు. 1543లో తండ్రి హత్య తర్వాత అన్న జంషీద్‌కి భయపడి విజయనగరం పారిపోయి, 1550లో గద్దెనెక్కేదాకా అళియ రామరాయల అండనే ఉన్నాడు. 1565లో రక్కసి తంగడి దగ్గర ఆ రామరాయల మీదికే సైన్యం నడిపాడు, అది వేరే సంగతి. పేర్లో మాత్రం రాముడు మిగిలాడు.

*

అందరికీ దండాలు. ఇబ్రహీం సమాధి దక్షిణపు గోడ మీద పాత రంగుపలకల ముక్కలు ఇంకా అతుక్కుని ఉన్నాయి. ఒకప్పుడు ఈ సమాధులన్నిటికీ ఆ పలకలుండేవట. ఫోటోలో పెద్దవి చేసి చూస్తుంటే మావాడు పక్కన చేరాడు, మీ జవాబులు చదివి వినిపించా. ‘అయితే ఏనుగు లేదా?’ అని మొహం చిన్నబుచ్చుకున్నాడు.