లేహ్‌లో కొన్న పష్మీనాతో అల్లిన టోపీ ఉతికాక వదులైంది, విప్పాలా?

లేహ్ బజారులో కొన్నది, చేత్తో వడికిన రెండు పోగుల పష్మీనా (మేక ఊలు), 100 గ్రాములు. టోపీ ప్రయాణంలోనే పూర్తయింది: 96 కుట్లు, అంచుకి 10 నంబరు సూదులతో (నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం) 2 నిట్ 2 పర్ల్ (రెండు సూటి కుట్లు, రెండు తిరగ కుట్లు, సాగే అంచు కోసం), పైన 8 నంబరు. 10 సెం.మీ.కి 20 కుట్లు, అంటే చుట్టుకొలత 48. గోరువెచ్చని నీళ్లలో ఉతికి, పరిచి ఆరబెట్టాక 17 కుట్లే వస్తున్నాయి. ఇప్పుడది 56 సెం.మీ., కళ్లమీదికి జారిపోతోంది. పష్మీనాకి గొర్రె ఊలులా సాగి వెనక్కొచ్చే గుణం తక్కువ కదా, అంచు బిగువు నిలవలేదు.

మొత్తం విప్పి 84 కుట్లతో అల్లితే 49 వస్తుంది. కానీ నూగు లేచి పోగులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి, లాగితే తెగుతుందని భయం. అంచు మాత్రం కత్తిరించి, కుట్లు తగ్గిస్తూ 12 నంబరు సూదులతో కిందికి అల్లితే నిలుస్తుందా? సన్న ఎలాస్టిక్ దారం కలపాలా? మిగిలింది 40 గ్రాములే. చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.