అప్‌డేట్: నానోఫోటోనిక్స్ ల్యాబ్ పాత సభ్యుల గురించి అడిగాను కదా

స్టాన్‌ఫర్డ్‌లో యెలెనా వుచ్‌కోవిచ్ నడిపే నానోఫోటోనిక్స్ (అతి చిన్న నిర్మాణాలతో కాంతిని అదుపు చేసే శాస్త్రం) గ్రూప్‌లో పీహెచ్‌డీ చేసినవాళ్లు తర్వాత ఎక్కడ తేలారు అని అడిగాను, పాత సభ్యుల జాబితా చూడమన్నారు, చూశాను, థాంక్స్ అండీ. డర్క్ ఎంగ్లండ్ ఎంఐటీలో, ఆండ్రే ఫరావోన్ కాల్‌టెక్‌లో, అర్క మజుందార్ సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో ప్రొఫెసర్లయ్యారు. ఇంకా వెనక్కి వెళ్తే, వుచ్‌కోవిచ్ కూడా 2002లో కాల్‌టెక్‌లో ప్రొఫెసర్ ఆక్సెల్ షెరర్ దగ్గర పీహెచ్‌డీ పూర్తి చేశారు. 1999లో ఫోటోనిక్ క్రిస్టల్ (కాంతిని బంధించేలా వరుసగా సన్నని రంధ్రాలు చేసిన పదార్థం) లేజర్ చేసి చూపించిన ఆస్కర్ పెయింటర్, ఇప్పుడు హార్వర్డ్‌లో ఉన్న మార్కో లోంచర్ కూడా షెరర్ గ్రూప్ వాళ్లే. నిజంగా ఒళ్లు పులకరించింది.

కాకపోతే ప్రొఫెసర్ల పేర్లే ముందు కనిపిస్తాయి, అందుకే కంపెనీలకి వెళ్లినవాళ్లకి కూడా మెయిల్స్ పెడుతున్నాను, క్లీన్‌రూమ్‌లో (ఇలాంటి సూక్ష్మ పరికరాలు తయారుచేసే, దుమ్ము చేరనివ్వని గది) పని ఎలా ఉంటుందో అడగాలి. వుచ్‌కోవిచ్ గ్రూప్‌కి అప్లై మాత్రం చేస్తున్నాను, అది ఖాయం.