మామ్మ యాస పిల్లకు అంటితే తప్పా? అమ్మను మాట మార్చుకోమన్నాను

గరివిడి_కుర్రోడు:
మాది గరివిడి దగ్గర పల్లె, ఉద్యోగం విజయనగరంలో. నాన్న పోయాక అమ్మను మా దగ్గరికే తెచ్చుకున్నాం. పాప రెండో తరగతి. పోయిన వారం తెలుగు నోట్‌బుక్ చూస్తే, బొమ్మ కింద పేరు రాయమన్నచోట 'గెడ్డ' అని రాసి ఉంది. టీచర్ దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి 'వాగు' అని రాశారు. క్లాసులో 'ఏమిటి' అనబోయి 'ఏటి' అంటే పిల్లలు నవ్వారట కూడా. నాకు టెన్షన్ పట్టుకుంది. ఆ రాత్రి అన్నం తింటూ, "అమ్మా, పాప దగ్గర కాస్త మంచి తెలుగు మాట్లాడవే" అన్నాను. "అలగేలేరా" అంది. అంతే.

మర్నాటి నుంచి పాపతో మాట్లాడటమే మానేసింది. జడ వేస్తుంది, అన్నం పెడుతుంది, ఏమడిగినా 'ఊఁ' అంటుంది. రాత్రి కథ లేదు. బాల్కనీలోకెళ్లి మా పెద్దమ్మకు ఫోన్ చేసినప్పుడు మాత్రం "అప్పా, ఏటి సేస్తన్నావు" అని గొంతు నిండా మాట్లాడుతుంది. పాప అటొస్తే గొంతు తగ్గించేస్తుంది. మా ఆవిడ నాదే తప్పంటోంది. రేపు పిల్ల పై ఊళ్లకు చదువుకి వెళ్లాలి కదా, నేనన్నది అంత తప్పా?

ఆమదాలవలస_ప్యాసింజర్:
తప్పు కాదు బ్రో. నేను ఇంటర్ విజయవాడ హాస్టల్లో చదివాను. మొదటి రోజే 'నానెల్తాను' అన్నాను. రెండేళ్లూ అదే నా పేరు, వార్డెన్‌తో సహా. యాస మీద ప్రేమ ఇక్కడ రాసుకోవడానికి బాగుంటుంది. మెస్ క్యూలో కంచం పట్టుకుని నిలబడ్డ పదహారేళ్లవాడికి అది కూడు పెట్టదు.

నాగావళి_గట్టు:
అంటే నవ్వినవాళ్లను ఏమీ అనలేక అమ్మ నోరు మూయించావన్నమాట. పెద్దగెడ్డ, వట్టిగెడ్డ అని ప్రాజెక్టులకే పేర్లున్నాయి. సర్కారు రాస్తే ఒప్పు, పిల్ల రాస్తే సున్నా! గిడుగు రామమూర్తి పంతులు పుట్టింది మన సిక్కోలు గడ్డ మీదే, పర్వతాలపేటలో, 1863లో. ఆయన పుట్టినరోజని ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసి ఫొటోకి దండేస్తాం. ఆ దండ వాడకముందే ఎర్ర పెన్ను తీస్తాం.

రాజాం_టీచరమ్మ:
గిడుగు వారిని ప్రతిదానికీ లాక్కురాకండి. ఆయన కోరింది శిష్ట వ్యావహారికం, చదువుకున్నవాళ్లు మాట్లాడే భాష పుస్తకాల్లోకి రావాలని. ఊరికో యాసలో పాఠం రాయమనలేదు. ఇరవై రెండేళ్లుగా తెలుగు చెబుతున్నాను, నేనూ ఇలాంటి సున్నాలు చుట్టినదాన్నే. పేపరు దిద్దేవారు ఏ జిల్లావారో మనకు తెలీదు. ఇప్పుడైతే పిల్ల రాసింది ఉంచి, పక్కన 'వాగు' కూడా రాస్తున్నాను. అంతకుమించి నా చేతిలో లేదు.

నాగావళి_గట్టు:
శిష్టం సంగతి ఒప్పుకుంటాను టీచర్ గారూ. కానీ ఆ మనిషే పర్లాకిమిడిలో ఉండగా సవర అనే గిరిజన భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పించాలని సొంత ఖర్చుతో బడులు పెట్టాడు. ఇంటి మాటను గుమ్మం బయట విడిచి రమ్మని ఆ పిల్లలతో అనలేదు.

పలాస_జీడితోట:
అందరూ యాస దగ్గరే ఆగిపోయారు. దాంతోపాటు ఏం వస్తోందో కూడా చూసుకోండి. మా అత్తగారు పిల్లలకు చోడి అంబలి అలవాటు చేసింది, జముకుల కథలో పదాలు నేర్పింది. ఎవరింట్లో మంచినీళ్లు తాగకూడదో కూడా నేర్పబోయింది. అది మాత్రం కుదరదని మొహం మీదే చెప్పాను. మూడు నెలలు నాతో మాట్లాడలేదు, నేనూ బతిమాలలేదు. పెద్దవాళ్లు అలిగినప్పుడల్లా తప్పు మనదే కానక్కర్లేదు. తమ్ముడూ, నీ విషయంలో మాత్రం నీదే.

రిటైర్డ్_కళాసీ:
నాకు 71. సంక్రాంతికి పెద్దలకు కొత్తబట్టలు పెడుతుంటే, హైదరాబాద్ నుంచి వచ్చిన మనవడు "ఎవరు తాతా వీళ్లంతా?" అన్నాడు. మా తాత కళ్ళంలో కాపలా పడుకుంటే పాము వచ్చిన కథ మొదలెట్టాను. వాడికి అర్థం కావాలని టీవీవాళ్లలాగా చెప్పాను. రెండు నిమిషాల్లో అయిపోయింది. అదే కథ మా నాయన చెబితే అరగంట పట్టేది. పాము కూడా పెద్దదిగా ఉండేది.

ఆమదాలవలస_ప్యాసింజర్:
కథ బాగుంది తాతా. మెస్ క్యూ గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు.

గరివిడి_కుర్రోడు:
అన్నీ చదివాను. మెస్ క్యూ భయం నాకింకా పోలేదు, అబద్ధమెందుకు. నిన్న రాత్రి టీవీ ముందు కూర్చుని, "అమ్మా, చెరువుకి మదుం ఉంటుంది కదా, అదేంటో పాపకి చెప్పవే" అన్నాను. నా వైపు చూడకుండానే, "నాకేటి తెలుస్తాదిరా, మంచి తెలుగులో దాన్నేటంటారో" అంది. నాకు మాట రాలేదు.

పాప వెళ్లి ఒళ్లో తల పెట్టింది. "మదుం అంటే ఏటి మామ్మా?"

అమ్మ నవ్వలేదు. రిమోట్ తీసుకుని టీవీ సౌండు తగ్గించింది.