పాత బండి: ఎడమ ఇండికేటర్ ఆరడం లేదు, బ్రేకు నొక్కితే దానంతట అదే వెలుగుతోంది

ప్రశ్న

మా నాన్నగారు 2001లో కొన్న 100 సీసీ బండి రెండు వర్షాకాలాల పాటు వసారాలోనే ఉండిపోయింది. ఈ మధ్యనే మళ్లీ బయటికి తీశాను. కుడి ఇండికేటర్లు ముందూ వెనకా చక్కగా వెలిగి ఆరుతున్నాయి. ఎడమకు స్విచ్ జరిపితే మాత్రం ముందు దీపం ఆరకుండా అలాగే వెలుగుతోంది, వెనకది అసలు వెలగడం లేదు. వెనక బల్బూ, ఫ్లాషరూ (ఇండికేటర్లను వెలిగించి ఆర్పే చిన్న పరికరం) కొత్తవి వేసినా ఫలితం లేదు. ఇంకో వింత కూడా ఉంది. స్విచ్ మధ్యలో ఉన్నా సరే, బ్రేకు నొక్కగానే ముందు ఎడమ దీపమూ మీటరులోని ఇండికేటర్ గుర్తూ మసకగా వెలుగుతున్నాయి. మెకానిక్ గారు వైరింగ్ మొత్తం మార్చాలంటున్నారు. ఫ్లాషర్ నుంచి స్విచ్‌కు బూడిద రంగు తీగ, ఎడమకు నారింజ, కుడికి లేత నీలం, ఎర్త్‌కు (కరెంటు తిరిగి బ్యాటరీ నెగటివ్‌కు చేరే దారి) ఆకుపచ్చ ఉన్నాయి. వైరింగ్ మార్చడం నిజంగా అవసరమా?

మొదటి జవాబు

తొందరపడి వైరింగ్ కొనకండి. కుడి వైపు బాగా పనిచేస్తోందంటే బ్యాటరీ, ఫ్యూజు, ఫ్లాషర్ మూడూ బాగున్నట్టే, ఎందుకంటే అవి రెండు వైపులకూ ఉమ్మడి. ఎడమ ముందు దీపం వెలుగుతోంది కనుక స్విచ్‌లో ఎడమ కాంటాక్టునూ అనుమానించనక్కరలేదు. పాత రకం ఫ్లాషర్ లోపలి లోహపు పట్టీ తనగుండా పోయే కరెంటుకు వేడెక్కి వంగడం వల్లే దీపాలు ఆరి వెలుగుతాయి. 10 వాట్ల బల్బులు రెండు కలిస్తే 12 వోల్టుల దగ్గర సుమారు 1.7 ఆంపియర్లు పోతాయి. ఒకటే వెలిగితే అందులో సగం, ఆ వేడి పట్టీని కదిలించడానికి చాలదు. కాబట్టి దీపం ఆరకపోవడం ఫ్లాషర్ తప్పు కాదు, వెనక బల్బు పనిచేయడం లేదని అది చెబుతున్న కబురు.

అసలు ఆధారం మీరు వింత అన్న బ్రేకు సంగతే. చాలా బండ్లలో వెనక దీపానికీ ఇండికేటర్‌కూ ఎర్త్ తీగలు సీటు కింద ఒకే చోట కలుస్తాయి. ఆ కలయిక తర్వాత ఎర్త్ తెగిపోతే, బ్రేకు దీపంలోంచి వచ్చిన కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి లేక, వెనక ఎడమ బల్బు ఫిలమెంటులోకి ఎదురెక్కి, నారింజ తీగ వెంట ముందుకు వచ్చి, ముందు బల్బు ద్వారా ఎర్త్ అవుతుంది. మూడు ఫిలమెంట్లు వరుసగా పంచుకోవడం వల్లే ఆ వెలుగు మసక. ఇదే నిజమైతే మీ బ్రేకు దీపం కూడా దాదాపు వెలగడం లేదన్నమాట. రాత్రి పూట బండి తీయకండి.

పరీక్ష సులువు. ఒక తీగను బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కు తగిలించి, రెండో కొసను వెనక ఎడమ బల్బు హోల్డర్‌కు వచ్చే ఆకుపచ్చ తీగకు ఆనించి, ఎడమ ఇండికేటర్ వేయండి. అది వెలిగి ఆరితే జబ్బు ఎర్త్‌లోనే ఉంది.

రెండవ జవాబు

పై వారు చెప్పింది సరైనదే. ఒక్క మాట చేర్చాలి: తీగ తెగలేదని చెప్పే మల్టీమీటర్ బీప్ శబ్దాన్ని నమ్మి నేను ఒకసారి ఆదివారమంతా పోగొట్టుకున్నాను. తీగలో ఒక్క రాగి పోగు మిగిలినా మీటర్ కూస్తుంది, ఎందుకంటే అది పంపే కరెంటు అతి స్వల్పం; బల్బుకు కావలసిన కరెంటును ఆ ఒక్క పోగు మోయలేదు. దీపం వేసి ఉంచి, హోల్డర్ ఎర్త్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య వోల్టేజి కొలవండి. సున్నాకు దగ్గరగా ఉండాలి. అర వోల్టు దాటినా దారిలో ఎక్కడో అడ్డం ఉన్నట్టే.

మూడవ జవాబు

ఈ తలనొప్పి లేకుండా నాలుగూ ఎల్ఈడీలు వేసేయవచ్చు కదా?

రెండవ జవాబు ఇచ్చినవారు

ఎర్త్ లేకపోతే ఎల్ఈడీ కూడా వెలగదండీ. పైగా మీటరులో రెండు వైపులకూ ఒకే బల్బు ఉన్న బండ్లలో, ఆ బల్బు ఎడమ, కుడి తీగల మధ్య ఉండి, వేయని వైపు ఫిలమెంట్ల ద్వారా ఎర్త్ తీసుకుంటుంది. ఎల్ఈడీలు వేస్తే ఆ కొద్ది కరెంటుకే అటు వైపువి కూడా వెలుగుతాయి, నాలుగూ ఒకేసారి కొట్టుకుంటాయి. ఆ బల్బుకు ఎడమ, కుడి తీగల నుంచి చెరో డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగం) ద్వారా కరెంటు ఇచ్చి, దాని రెండో కొసను నేరుగా ఎర్త్‌కు కలపాలి, ఫ్లాషర్ కూడా ఎలక్ట్రానిక్ రకం వేయాలి. ముందు ఉన్నది బాగుచేయడం మేలు.

ప్రశ్న అడిగినవారు

తీగ ఆనించగానే వెనక ఎడమ దీపం వెలిగి ఆరింది! సీటు తీసి ఆకుపచ్చ తీగ వెంట వెళితే, మడ్‌గార్డ్ పైన ఎవరో ఎప్పుడో చుట్టిన ఇన్సులేషన్ టేపు జిగురుగా కరిగి ఉంది. దాన్ని విప్పితే లోపల బుల్లెట్ కనెక్టర్ (తీగల కొసలను గుచ్చి కలిపే లోహపు ముక్క) నిండా పచ్చటి చిలుము. కొంచెం లాగగానే తీగ ఊడి చేతికొచ్చింది, కొస రెండంగుళాలు లోపల నల్లబడి ఉంది. ఎర్ర రాగి కనిపించే దాకా కత్తిరించి, కొత్త కనెక్టర్ నొక్కి, పైన గ్రీజు రాసి, రబ్బరు తొడుగు వేశాను. ఇప్పుడు హోల్డర్ దగ్గర 0.08 వోల్టులే చూపిస్తోంది, బ్రేకు దీపం కూడా ఎర్రగా మండుతోంది. పాత ఫ్లాషర్‌నే తిరిగి బిగించి చూస్తే నిమిషానికి 82 సార్లు కొట్టింది. ఉండవలసింది 60 నుంచి 120 కనుక దాన్నే ఉంచేశాను, కొత్తది కవరులో చుట్టి టూల్‌బాక్సులో పడేశాను.