"నీ చిత్తమే" అంటే ఇక అడగడం మానేసినట్టేనా?

ఆవడి_అబ్బాయి:
అందరికీ వందనాలు. మాది ఒంగోలు, ఎనిమిదేళ్లుగా చెన్నైలో, ఆవడిలో ఉంటున్నాం. అమ్మకి వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. మా ఇంట్లో ఎవరి కిడ్నీ మ్యాచ్ కాలేదు, చనిపోయినవాళ్ల కిడ్నీ కోసం వెయిటింగ్ లిస్టులో పేరు పెట్టి రెండేళ్లు దాటింది. రాత్రిపూట ఆమె ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చేతిమీద చెయ్యేసి ప్రార్థన చేస్తా, లోపల రక్తం జుమ్మని అదురుతా ఉంటది, ఆ అదురు తెలుస్తుంటే నాకు మాటలు రావు, "నీ చిత్తమే జరిగించు ప్రభువా" అని ముగించేస్తా. మొన్న కూడికలో ఒక పెద్దాయన విని "నీ చిత్తం అంటే అవిశ్వాసం తమ్ముడూ, హక్కుగా అడుగు, వచ్చేసిందని స్తోత్రం చెప్పు" అన్నాడు. సరే అట్లనే అడుగుదామని కూర్చుంటే ఇంకోటి తగులుకుంది, అమ్మకి కిడ్నీ రావాలంటే ఎవరింట్లోనో ఒకళ్లు పోవాలి కదా, అది ఏ నోటితో అడగను? నేను చెప్పే నీ చిత్తం విశ్వాసమో తప్పించుకోడమో నాకే తెలియట్లా.

పెరంబూరు_అక్క:
తమ్ముడూ, సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువే అన్న మాటని అవిశ్వాసం అంటే ఇంకేం మాట్లాడతాం, వదిలెయ్. కాకపోతే మత్తయి 26 ఒకసారి నిదానంగా చదువు. ముందు ఈ గిన్నె, అంటే రాబోయే శ్రమ, తీసెయ్యమని సాగిలపడి అడిగాడు, ఆ తర్వాతే నీ చిత్తం అన్నాడు. రెండోసారికి మాట కొంచెం మారింది చూడు, నేను తాగితే తప్ప ఇది పోదంటే కానివ్వు అని. మళ్లీ మూడోసారీ వెళ్లాడు. నువ్వేమో అడగకుండానే ఆమేన్ దగ్గరికి వెళ్లిపోతున్నావు అనిపిస్తోంది.

నైట్_డ్యూటీ:
అక్క చెప్పింది కరెక్టే కానీ అతన్ని పీడిస్తున్నది ఆ రెండో ప్రశ్న. నేను ఐసీయూలో నర్సుని బ్రదర్. మీ ప్రార్థన వల్ల ఎవరూ పోరు. బ్రెయిన్ డెత్ అని డాక్టర్లు తేల్చాక, ఇంటివాళ్లు సరే అంటేనే దానం. తమిళనాడులో 2008 నుంచి ఇది ఒక పద్ధతిలో నడుస్తోంది, 2023లో అయితే దానం చేసినవాళ్లకి ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు అని ప్రకటించారు కూడా. ఆ ఫారం మీద సంతకం పెట్టేటప్పుడు ఒకాయన పెన్ను క్యాప్ తియ్యడం మర్చిపోయి అట్లనే రాస్తా ఉన్నాడు, నేను తీసిచ్చా. అలాంటి వాళ్ల కోసం చెయ్యండి ప్రార్థన, పేరూ ఊరూ తెలియక్కర్లేదు.

కేఆర్‌పురం_మామ:
బెంగళూరు నుంచి. హక్కు అనేవాళ్లు, చావుకి దగ్గరైన హిజ్కియా రాజు ప్రార్థిస్తే ఆయుష్షు 15 ఏళ్లు పెరిగింది చెప్తారు. దావీదు ఏడు రోజులు ఉపవాసంతో నేలమీద పడున్నా బిడ్డ దక్కలేదు (ఆ కథ వెనకాల పాపం సంగతి వేరే ఉందిలే), అది ఎవరూ సాక్ష్యాల్లో చెప్పరు. పోయాక లేచి స్నానం చేసి, మందిరానికెళ్లి మొక్కి, ఇంటికొచ్చి భోజనం పెట్టమన్నాడు. అప్పటిదాకా మాత్రం అడగడం ఆపలా.

ఆవడి_అబ్బాయి:
థాంక్సండీ అందరికీ. నిన్న రాత్రి ఇదంతా అమ్మకి చదివి వినిపించా. "నీ చిత్తం అనేది నేను చెప్పుకుంటాలేరా, ఒళ్లు నాది కదా, నువ్వు అడిగేది అడుగు" అంది. ఆ పెన్ను క్యాప్ సంగతి దగ్గర మాత్రం చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత దుప్పటి లాక్కుంటా "వాళ్లకి చిన్నపిల్లలున్నారేమో" అంది. రేపు శనివారం అమ్మకి డయాలసిస్ ఫస్ట్ షిఫ్ట్, ఐదింటి ఎలక్ట్రిక్ ట్రైన్ పట్టుకోవాలి, ఉంటా.