బెంగళూరులో ఉచిత న్యాయ సహాయ కార్యాలయంలో ఇంటర్న్‌షిప్: కన్నడం అంతంతమాత్రంగా వస్తే కుదురుతుందా?

ప్రశ్న (లా విద్యార్థిని):
నమస్కారం అండీ. మాది అనంతపురం. బెంగళూరులో ఐదేళ్ల లా కోర్సు, మూడో ఏడాది. ఇదివరకు ఒక కంపెనీ లీగల్ విభాగంలో ఇంటర్న్‌షిప్ చేశాను. ఈసారి పేదవాళ్ల సివిల్ కేసులు చూసే చోట చేయాలని ఉంది. కన్నడం వింటే అర్థమవుతుంది, చదవడం నెమ్మది. ఎవర్ని అడగాలి? అక్కడ నిజంగా పని ఇస్తారా? మా రూమ్మేట్ ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదువుతోంది, తనూ రావచ్చా?

జవాబు (సివిల్ కేసులు చూసే న్యాయవాది):
కుదురుతుందమ్మా. భాష గురించి టెన్షన్ వద్దు. మన వైపు నుంచి వచ్చిన బేల్దారి కూలీలు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఈ ఊళ్లో ఎంతమంది ఉన్నారో మీకు తెలిసిందే. కష్టం చెప్పుకోవడానికి తమ భాష తెలిసిన మనిషి దొరికితే వాళ్లకు సగం భయం పోతుంది.

సిద్దయ్య రోడ్డులో న్యాయ దేగుల భవనం ఉంది. ఉచిత న్యాయ సహాయం అందించే కర్ణాటక రాష్ట్ర న్యాయ సేవల ప్రాధికార సంస్థ ఆఫీసు అక్కడే. కాలేజీ లెటర్, ఐడీ కార్డు కాపీ, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా రాగలరో రాసిన అర్జీ పట్టుకెళ్లండి. సెలవులు మొదలయ్యేదాకా ఆగకండి. మీ కాలేజీలో లీగల్ ఎయిడ్ క్లినిక్ ఉంటే, దాన్ని చూసుకునే లెక్చరర్ ద్వారా వెళ్లడం ఇంకా సులువు.

కోర్టులో వాదించడం మాత్రం ఎన్‌రోల్ అయిన అడ్వకేట్ల పని. మీకు వచ్చేది దానికి ముందు పని, నా దృష్టిలో కేసు నిలబడేది అక్కడే. ఉదాహరణకు ఒకామె ఇల్లు ఖాళీ చేసింది, ఓనరు అడ్వాన్స్ తిరిగివ్వడం లేదు. ఆమె కథ మధ్యలోంచి మొదలుపెడుతుంది. అడ్డు తగలకుండా పూర్తిగా వినాలి. తర్వాత అగ్రిమెంట్ ఎప్పుడు రాసుకున్నారు, డబ్బు ఎలా ఇచ్చారు, తాళాలు ఏ రోజు అప్పగించారు అని తేదీల వారీగా రాయాలి. డబ్బు వసూలు దావాకు మామూలుగా గడువు మూడేళ్లు, కాబట్టి ఒక్క తేదీ తప్పినా కేసే పోవచ్చు. వాట్సాప్ మెసేజ్‌లు ఉంటే ఫోన్లోంచి చెరిపేయవద్దని ఆమెకు ముందే చెప్పండి. వాటి ప్రింట్లు కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కూడా కావాలి.

జవాబు (పారా లీగల్ వాలంటీర్, రిటైర్డ్ టీచర్):
మీ రూమ్మేట్ నిశ్చింతగా రావచ్చు తల్లీ. పారా లీగల్ వాలంటీర్లుగా, అంటే లాయర్లు కాకపోయినా జనానికి న్యాయ సహాయం అందేలా చూసేవాళ్లుగా, ఎంఎస్‌డబ్ల్యూ విద్యార్థులను తీసుకోవచ్చని నల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) పథకంలోనే ఉంది. లా విద్యార్థులు కూడా అడ్వకేటుగా ఎన్‌రోల్ అయ్యేదాకా చేయొచ్చు. ముందు శిక్షణ ఇస్తారు. వచ్చినవాళ్ల దగ్గర ఒక్క రూపాయి తీసుకోకూడదు, ప్రేమతో ఇచ్చినా సరే.

ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఆదాయ ధ్రువపత్రం లేదని ఆడవాళ్లను వెనక్కి పంపేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, ఫ్యాక్టరీ కార్మికులకు ఆదాయంతో పని లేదు. మిగతావాళ్లకే ఆదాయ పరిమితి, కర్ణాటకలో అది ఏడాదికి 3 లక్షల రూపాయలు. దానికీ అఫిడవిట్ సరిపోతుంది, అబద్ధమని అనుమానించే కారణం ఉంటే తప్ప. ఆఫీసు దాకా రాలేనివాళ్లకు న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100 నంబరు చెప్పండి.

ప్రశ్న (లా విద్యార్థిని):
చాలా థాంక్స్ అండీ. ఇది కోర్సుకు కావాల్సిన ఇంటర్న్‌షిప్ వారాల్లో కలుస్తుందా? ఇంకో భయం. "నేను గెలుస్తానా అమ్మా?" అని అడిగితే ఏం చెప్పాలి?

జవాబు (సివిల్ కేసులు చూసే న్యాయవాది):
బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం ఐదేళ్ల కోర్సుకు కనీసం 20 వారాలు, మూడేళ్లదానికి 12. ఒక ఏడాదిలో ఏకబిగిన నాలుగు వారాలకు మించి చేయకూడదు. లెక్కలోకి తీసుకుంటామని మీ కాలేజీ చేత ముందే రాయించుకోండి. చివర్లో సర్టిఫికెట్ అడగడం మరవద్దు. డైరీలో చేసిన పని రాయండి, కక్షిదారు పేరు గానీ ఊరు గానీ రాయకండి.

గెలుపు మాట మీరు ఎత్తకండి. "లాయరుగారు కాగితాలు చూసి చెబుతారు, నేను మీ ముందే ఆయన్ని అడుగుతాను" అనండి, అన్నట్టే అడగండి. ఊరికే ధైర్యం చెప్పి పంపితే రేపు ఆమె నష్టపోతుంది.

లోక్ అదాలత్ రోజున మరీ జాగ్రత్త. పెండింగ్ కేసు అక్కడ రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది, అది మంచిదే. కానీ అవార్డు (అక్కడ ఇచ్చే తీర్పు) మీద అప్పీలు లేదు. రాజీ షరతులు కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి, సంతకమో వేలిముద్రో మాత్రం తెలుగామెది. ఎంత వస్తుంది, ఎప్పటిలోగా వస్తుంది, దేన్ని వదులుకుంటోంది, ఇవన్నీ తెలుగులో చదివి వినిపించమని లాయరును అడగండి, లేదా ఆయన ఎదుటే మీరు చెప్పండి. తర్వాత ఆమె చేతే తిరిగి చెప్పించుకోండి. చెప్పలేకపోతే, వెనకాల ఎంత తొందర ఉన్నా, కాసేపు ఆగమని అక్కడివాళ్లను అడగండి.

ప్రశ్న (లా విద్యార్థిని):
అర్థమైందండీ. సోమవారం క్లినిక్ మేడంను కలిసి లెటర్ అడుగుతాను. రూమ్మేట్ అర్జీ కూడా ఇద్దరం కలిసి రాస్తున్నాం.